కుటుంబ బైబిలు మొదటి పుట

మీ ఇంటి పెద్ద బైబిలును ఒకసారి చేతిలోనికి తీసుకొని, అట్ట తరువాత వచ్చు తెల్లకాగితమును తెరచి చూడుడి. చాలా ఇండ్లలో ఆ కాగితము తెల్లగా ఉండదు. తాతగారి బాప్తిస్మపు తేదీ, నాయనమ్మ పెండ్లి జరిగిన దినము, పుట్టి మూడు నెలలకే ప్రభువునొద్దకు వెళ్ళిన పసిబిడ్డ పేరు, అన్నీ అక్కడనే ఉండును. గ్రామ పంచాయితీలో జనన ధ్రువపత్రములు అడిగేవారు లేని కాలములో మన పెద్దలకు అదే రిజిస్టరు.

గోదావరి ఒడ్డున ఉన్నవారికి ఈ కాగితము విలువ పోయినప్పుడు గాని తెలియలేదు. 2022 జూలైలో భద్రాచలము వద్ద నీరు 71.3 అడుగులకు వచ్చినది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత మా తరము చూచిన పెద్ద వరద అదే. బియ్యము, బట్టలు, మేకలు, వీటి లెక్క అందరూ వ్రాసుకొనిరి. బైబిళ్ళ లెక్క ఎవరూ వ్రాయలేదు. నీరు తీసిన తరువాత మేము ఇండ్లు దర్శించినప్పుడు ఎండలో ఆరవేసిన బైబిళ్ళు కనబడినవి. అచ్చు అక్షరములు చాలావరకు నిలిచినవి. సిరా కలముతో వ్రాసిన పేర్లు మాత్రము నీలి మరకలై పోయినవి. క్రొత్త బైబిలు కొనుట కష్టము కాదు. పోయిన పేజీ ఏ దుకాణములో దొరుకును?

మా సంఘములోని స్త్రీల సమాజమువారు, యౌవనస్థులు కలిసి ప్రతి కుటుంబమునకు ఒక్కొక్క పుటను మరల వ్రాసి ఇవ్వవలెనని పూనుకొన్నది అప్పుడే. నీటికి చెదరని సిరా ఏది, చెదపట్టని కాగితము ఏది అని వెదకుచు పోగా మేము చేరినది వేయి సంవత్సరముల నాటి ఒక పనితనము దగ్గరకు. ఆంగ్లమున దానిని ఇల్యూమినేషన్ అందురు. వెలిగించుట అని దాని అర్థము. చేతితో వ్రాసిన గ్రంథములో మొదటి అక్షరమును, అంచులను బంగారు రేకుతోను రంగులతోను అలంకరించుటకే ఆ పేరు. దీపము దగ్గరకు తెచ్చి పుటను కొంచెము వంచినప్పుడు బంగారము మీద వెలుగు కదలును. అక్షరమే వెలిగినట్లుండును గనుక ఆ పేరు తగినదే.

ఈ పనిలో పేరుపొందిన గ్రంథము లిండిస్‌ఫార్న్ సువార్తలు. ఇంగ్లాండు ఈశాన్యపు తీరమున ఉన్న ఒక చిన్న ద్వీపములో, ఎనిమిదవ శతాబ్దపు తొలి దశకములలో, ఎడ్‌ఫ్రిత్ అను బిషప్పు దానిని వ్రాసెనని చెప్పుదురు. ఇంచుమించు రెండు వందల యాభై సంవత్సరముల తరువాత ఆల్డ్‌రెడ్ అను యాజకుడు లాటిను వరుసల మధ్య సన్నని అక్షరములతో తన ప్రజల భాషలో మాటకు మాట అర్థము వ్రాసెను. నేటికి నిలిచియున్న ఆంగ్ల సువార్తలలో అదే పాతది. ఎడ్‌ఫ్రిత్ పేరు మనకు తెలిసినది కూడ ఆల్డ్‌రెడ్ చివర వ్రాసిన నాలుగు మాటల వలననే. ఈ గ్రంథమును గూర్చి పన్నెండవ శతాబ్దపు చరిత్రకారుడు ఒకడు చెప్పిన కథ మా గోదావరి వారికి బాగా నచ్చినది. దాడులకు భయపడి సన్యాసులు ద్వీపము విడిచి పడవలో పోవుచుండగా తుపాను వచ్చి గ్రంథము సముద్రములో పడెననియు, కొన్ని దినములకు ఆటు సమయములో ఇసుక మీద చెక్కుచెదరక దొరికెననియు ఆ కథ. నిజమో కాదో గాని, వరదలో పుస్తకము పోయినవారి దుఃఖము అన్ని దేశములలో ఒక్కటేనని మాత్రము తెలియుచున్నది. ఆ గ్రంథము నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది.

ఐర్లాండులోని ట్రినిటీ కళాశాలలో ఉన్న కెల్స్ గ్రంథము ఇంచుమించు 800వ సంవత్సరము నాటిది. అందులో అన్నిటికంటె సొగసైన పుట ఎక్కడ వచ్చినదో చూడుడి. మత్తయి సువార్త మొదటి అధ్యాయములో వంశావళి ముగిసి ప్రభువు జననము మొదలగు చోట! క్రీస్తు నామమునకు గుర్తైన గ్రీకు అక్షరములు పుట అంతయు ఆక్రమించుకొనును. ఆ అల్లికల సందులలో పిల్లులు, ఎలుకలు, చేపను పట్టిన నీటికుక్క దాగియుండును. వంశావళి అనగానే మనము పేజీ త్రిప్పివేయుదుము. వారు మాత్రము ఆ పేర్ల వరుస చివరనే తమ శక్తి అంతయు పెట్టిరి.

తరువాతి శతాబ్దములలో ఈ పని మఠములు దాటి ఇండ్లలోనికి వచ్చినది. ప్రార్థన గడియల పుస్తకములు అని చిన్న గ్రంథములు ఐరోపాలోని కలిగిన కుటుంబములలో ఉండెడివి. వాటి ముందు క్యాలెండరు ఉండెడిది. ఆ క్యాలెండరు ప్రక్కన ఖాళీ స్థలములో తల్లిదండ్రులు తమ బిడ్డల పుట్టిన దినములు, చనిపోయినవారి దినములు వ్రాసుకొనెడివారు. అంటే మన అట్ట లోపలి పేజీ అలవాటు చాలా పాతదే.

మన దేశములో ఈ పని లేదనుకొనరాదు. 1580లో జెస్యూట్ పాదుర్లు ఫతేపూర్ సిక్రీలో అక్బరు చక్రవర్తికి ఆంట్వెర్ప్‌లో అచ్చయిన బహుభాషా బైబిలును సమర్పించిరి. ఆ కాలములో వచ్చిన క్రైస్తవ చిత్రములను చూచి మొగలు చిత్రకారులు తమ పద్ధతిలో గీసిరి. 1602లో జెరోమ్ జేవియర్ పారసీకములో వ్రాసిన క్రీస్తు చరిత్రకు కూడ మొగలు చిత్రకారులే బొమ్మలు వేసిరి. మన దగ్గరనే, ఖమ్మం కోటను ఏలిన గోలకొండ కుతుబ్‌షాహీల కాలములో, మహమ్మదు కులీ కుతుబ్‌షా కవితల ప్రతిని బంగారముతో అలంకరించిరి. అది హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో ఉన్నది. తెలుగు గ్రంథములు మాత్రము తాటాకు మీద గంటముతో గీయబడినవి. గీసిన తరువాత మసి పూసి తుడిచిన అక్షరము కనబడును. అడ్డముగా గీసిన గీత ఆకును చీల్చును గనుక మన అక్షరములు గుండ్రని రూపము పొందినవని పెద్దలు చెప్పుదురు. ఇరుకైన తాటాకు మీద బంగారపు పనికి చోటెక్కడ?

ఇక పని విషయము. పాత పద్ధతిలో పుట అనగా తోలు. దూడ, మేక, గొఱ్ఱె తోళ్ళను సున్నపు నీటిలో నానవేసి, వెండ్రుకలు గీకి, చట్రమునకు బిగించి, ఆరుచుండగా అర్ధచంద్రాకారపు కత్తితో మరల మరల గీకుదురు. లిండిస్‌ఫార్న్ గ్రంథమునకు నూట యాభై దూడల తోళ్ళు పట్టియుండునని అంచనా. వినుటకు వింతగా నున్నను మన రాయలసీమలో నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు మేకతోలును వెలుగు దూరునట్లు పలుచగా చేయు పని దీనికి దగ్గరి చుట్టమే. మేము తోలు జోలికి పోలేదు. సారపాకలో ఇంత పెద్ద కాగితపు మిల్లు కనబడుచుండగా కాగితమునకు కరువా అని మీరు అడుగవచ్చును. అయితే మిల్లు కాగితము వేరు, ఈ పనికి కావలసిన కాగితము వేరు. ప్రత్తి గుడ్డపీలికలతో చేతితో చేసిన మందపు కాగితము సిరాను తట్టుకొనును, ఎక్కువ కాలము పచ్చబడదు. పట్టణములోని బొమ్మల సామాను దుకాణములో అది దొరకును.

సిరా సంగతి చెప్పినప్పుడు మా యౌవనస్థుల కండ్లు పెద్దవైనవి. మధ్యయుగపు సిరాకు మూడు వస్తువులు కావలెను. ఓక్ చెట్టు కొమ్మల మీద పురుగు కుట్టుట వలన పుట్టు వగరు కాయలు, అన్నభేది, చెట్టు జిగురు. మనకు ఓక్ చెట్టు లేదు. అయితే ఆ కాయలో ఉన్న వగరు మన కరక్కాయలో నిండుగా ఉన్నది! మా అడవి అంచు గ్రామములలో కోయ అక్కలు, చెల్లెండ్రు చలికాలము చివర కరక్కాయలు ఏరి ఎండబెట్టి గిరిజన సహకార సంస్థ డిపోలకు, సంతలకు తెత్తురు. అన్నభేది రైతులకు క్రొత్త కాదు. పైరు పసుపుబారినప్పుడు చల్లు ఫెర్రస్ సల్ఫేటే అది. జిగురు విషయములో ఒక్క జాగ్రత్త. మా అడవిలో పేరుగన్న తపసి జిగురు నీటిలో ఉబ్బునే గాని కరగదు. ఈ పనికి తుమ్మ జిగురే కావలెను.

కరక్కాయల గింజ తీసి, పెచ్చును దంచి, మట్టికుండలో రెండు దినములు నానబెట్టి వడకట్టుదుము. మూడు పాళ్ళ కాయపొడికి ఒక పాలు అన్నభేది, ఒక పాలు జిగురు, ఇది మా లెక్క. అన్నభేది ఎక్కువైతే ఏండ్లు గడచిన కొలది సిరా కాగితమును తినివేయును. ఐరోపా గ్రంథాలయములలో కొన్ని పాత పుటలు అక్షరముల మేరకు చిల్లులు పడియున్నవి. ఇనుప గిన్నెలో కలపరాదు. వ్రాసినప్పుడు ఈ సిరా పలుచగా, బూడిద రంగుగా ఉండును. పిల్లలు నిరాశపడుదురు. గాలి తగిలిన కొలది నల్లబడి, మరునాటికి కాగితపు నారలోనికి పోయి కూర్చుండును. నీరు పోసినను ఊడిరాదు. మాకు కావలసినది అదే గదా. కలంకారీ పనివారు కరక్కాయ నీటిలో ముంచిన గుడ్డ మీద, బెల్లములో ఊరిన ఇనుప తుక్కు నీరు తాకించి నలుపు రప్పించునది కూడ ఈ గుణము చేతనే. మచిలీపట్నములో, శ్రీకాళహస్తిలో మన నేతగుడ్డకు ఇంతకాలము తెలిసిన రహస్యమును మనము విదేశీ గ్రంథములో చదివి ఆశ్చర్యపడుచున్నాము!

కలమునకు వారు పెద్దబాతు రెక్క ఈకను వాడిరి. ఇక్కడ సన్నని వెదురు పుల్ల చాలును. కొనను ఏటవాలుగా కోసి, మధ్య చిన్న చీలిక పెట్టిన యెడల తెలుగు అక్షరపు ఒంపు దానిలో చక్కగా తిరుగును.

రంగుల దగ్గర తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక చెప్పవలెను. పాత చిత్రకారుల ఎరుపులో సీసపు సింధూరము, పాదరసపు ఇంగిలీకము, పసుపుపచ్చలో పాషాణపు హరిదళము ఉండెడివి. మూడును విషములే. సింధూరమునకు లాటినులో మినియం అని పేరు. ఆ ఎరుపుతో గీసినవాటికి మినియేచర్ అను పేరు వచ్చినది దానినుండియే గాని చిన్నదను అర్థమున కాదు. మేము పిల్లల చేతికి జేగురు మన్ను, దీపపు మసి, నీలిమందు మాత్రమే ఇచ్చుచున్నాము. వంటింటి పసుపు అందముగానే ఉండును గాని ఎండ సోకిన వెలిసిపోవును. రంగును గుడ్డు తెల్లసొనతో గాని జిగురు నీటితో గాని కలుపుదుము. కుంచె కొనను నోటిలో పెట్టుకొనరాదని మొదటి దినముననే చెప్పుదుము.

కుంచె నోటిలో పెట్టుకొనుట అనగానే జ్ఞాపకము వచ్చు సంగతి ఒకటున్నది. జర్మనీలో డాల్‌హైమ్ అను చోట పూర్వమొక స్త్రీల మఠముండెను. అక్కడ సమాధియైన ఒక స్త్రీ పంటి గారలో శాస్త్రజ్ఞులు నీలి కణములను కనుగొనిరి. ఆమె పదకొండు, పన్నెండు శతాబ్దముల నాటిది. 2019లో ఈ సంగతి ప్రకటింపబడినది. ఆ నీలము ఆఫ్ఘనిస్తాను కొండలలో దొరకు రాజావర్తపు రాయిది, ఆ దినములలో బంగారమంత ప్రియమైనది. ఆమె కుంచె కొనను పెదవులతో సన్నము చేసికొనుచు గ్రంథములు చిత్రించియుండునని వారి అభిప్రాయము. ఆమె పేరు ఏ పుటలోను లేదు. ఈ పని అంతయు పురుషులే చేసిరని చాలాకాలము అందరును అనుకొనిరి. మా స్త్రీల సమాజములో ఈ సంగతి చెప్పిన దినమున ఎవరును మాటలాడలేదు గాని మరుసటి వారము నేర్చుకొనుటకు వచ్చినవారి సంఖ్య పెరిగినది. దుమ్ముగూడెములో మిషనెరీ దొరసానులు నేర్పిన లేసు అల్లికను తరతరములుగా నిలిపినవి మన స్త్రీల చేతులే గదా. సన్నని పని వారికి క్రొత్త కాదు.

చివరకు బంగారము. సుద్దపొడిని జిగురుతో, కొంచెము తేనెతో నూరి, అక్షరము మీద కుంచెతో ఎత్తుగా పెట్టుదుము. ఆరిన తరువాత వెదురు గొట్టము గుండ నోటి ఆవిరి ఊదవలెను. ఊపిరిలోని తేమకు ఆ పూత మెత్తబడి జిగట వచ్చును. ఆ క్షణములోనే బంగారు రేకును వేసి, పైన పలుచని కాగితముంచి నొక్కి, నున్నని రాయితో మెరుగుపెట్టవలెను. హైదరాబాదు చార్మినారు సందులలో మిఠాయిల మీదికి వెండి వరఖు కొట్టు పనివారు ఉండెడి సంగతి మీకు తెలిసియుండును. ఆ జాతి రేకే ఇది, ముట్టుకొన్న వ్రేలికి అంటుకొనిపోవును. మా ప్రాంతపు మే నెల మధ్యాహ్నమున ఊదిన ఊపిరి ఊదినట్లే ఆరిపోవును. గనుక బంగారు పని తెల్లవారుజామున, లేదా ముసురు పట్టిన దినమున పెట్టుకొందుము. ఫ్యాను ఆపవలెను, తుమ్ము వచ్చినవారు బయటికి పోవలెను.

మా సంఘ పెద్దలలో ఒకరు సూటిగా అడిగిరి. అయ్యగారూ, వరదలో ఇల్లు పోయినవారికి రేకులు కావలెనా, బంగారు రేకు కావలెనా అని. ఆ ప్రశ్న తేలికైనది కాదు. ఈ ప్రశ్నను మొదట అడిగినది కూడ ఆయన కాదు. నాలుగవ శతాబ్దములోనే, ఊదారంగు తోలు మీద బంగారు అక్షరములతో గ్రంథములు వ్రాయించుచు, తలుపు దగ్గర క్రీస్తును వస్త్రహీనుడుగా విడిచిపెట్టుచున్నారని భక్తుడైన జెరోము తన పత్రికలో గద్దించెను. పన్నెండవ శతాబ్దమున సిస్టర్షియన్ సన్యాసులు అక్షరములు ఒకే రంగుతో ఉండవలెననియు, బొమ్మలు ఉండరాదనియు నియమము చేసికొనిరి. వారిది పిసినారితనము కాదు. మా మట్టుకు మేము ఆ పెద్దగారి మాట సగము తీసికొంటిమి. ఇంటి రేకుల సహాయము మొదట జరిగినది, వ్రాతపని తరువాత మొదలైనది. ఒక్కొక్క పుటకు బంగారము ఒక్క అక్షరమునకే. మిగిలినదంతయు మన్ను, మసి, కరక్కాయ.

బొమ్మల విషయములో మరియొక వాదము వచ్చినది. బొమ్మలు చదువురాని వారికి పుస్తకము వంటివని, వాటిని పూజింపరాదు గాని పగులగొట్టనక్కరలేదని గ్రెగరీ పోపు 600వ సంవత్సర ప్రాంతమున మార్సేల్ బిషప్పునకు వ్రాసెను. మా సంఘములో చాలామంది విగ్రహములను విడిచి వచ్చిన కుటుంబములవారు. వారి మనస్సాక్షిని త్రొక్కి మేము ప్రభువు రూపమును గీయించలేము. గనుక అంచులలో మనుష్య రూపము లేదు. ఇప్పపువ్వు, తునికాకు, టేకు ఆకు, వెదురు పొద, ఉడుత, పాలపిట్ట ఉన్నవి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో సెయింట్ జాన్స్ మఠమువారు 1998లో డొనాల్డ్ జాక్సన్ అను వ్రాతకానికి పూర్తి బైబిలును చేతితో వ్రాయు పని అప్పగించిరి. అది 2011లో ముగిసినది. అందులో కూడ ఆ ప్రాంతపు పురుగులు, పువ్వులే అంచులలో ఉన్నవి. ఒకచోట వ్రాతకాడు విడిచిన వరుసను పుట అడుగున వ్రాసి, ఒక తేనెటీగ దానిని గిలకతో పైకి లాగుచున్నట్లు గీసిరి! మా పిల్లలకు ఆ బైబిలంతటిలో గుర్తున్నది ఆ తేనెటీగే.

తెలుగులో పెద్ద అక్షరము, చిన్న అక్షరము అను భేదము లేదు. మరి దేనిని వెలిగించవలెను? మత్తయి సువార్త మన బైబిలులో అ అను అక్షరముతో మొదలగును, యోహాను సువార్త ఆ తో. అ కారపు కడుపులో ఒక పిట్ట గూడు కట్టుకొనునంత చోటున్నది. కుటుంబపు పుటలో ఇంటిపేరు మొదటి అక్షరమును వెలిగించుచున్నాము. గుడులు, కొమ్ములు, వత్తులు లతవలె అంచులోనికి సాగిపోవును. రోమను అక్షరము కంటె మనది ఈ పనికి ఎక్కువ లొంగునని మా నమ్మకము. ఇది పక్షపాతమైనను కావచ్చును.

ఒక్కొక్క పుటకు రెండు, మూడు వారములు పట్టుచున్నది. అందులో వ్రాతకు పట్టు సమయము తక్కువ. పేర్లు అడిగి తెలిసికొనుటకే ఎక్కువ. ఇంటివారు కూర్చుండి తమలో తాము వాదించుకొందురు. పెద్దమ్మ ముందు పుట్టినదా, చిన్నాన్నా? చనిపోయిన బిడ్డకు పేరు పెట్టిరా లేదా? ఏండ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు ఇద్దరు తండ్రి బాప్తిస్మపు సంవత్సరము తేల్చుటకు ఒకే మంచము మీద కూర్చుండుట మేము చూచితిమి. కోయ కుటుంబములలో ఈ పని ఇంకొక రీతిగా జరుగును. వారి వంశ కథలు కాగితము మీద లేవు, డోలి వాయించు గాయకుల నోట ఉన్నవి. మణుగూరు ప్రాంతపు కూనవరము వాడైన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చినది ఆ పాటల జ్ఞాపకమునకే. 2024లో ఆయన కన్నుమూసెను. దుమ్ముగూడెములో సేవ చేసిన జాన్ కెయిన్ దొరగారు పందొమ్మిదవ శతాబ్దములో కోయ భాష నేర్చి సువార్తను ఆ భాషలోనికి తెచ్చిరి. ఆల్డ్‌రెడ్ చేసిన పని వంటిదే అది. కోయ ఇండ్ల పుటలలో తెలుగు వరుస క్రింద సన్నని అక్షరములతో కోయ మాటలను తెలుగు లిపిలోనే వ్రాయుచున్నాము.

గోదావరి ఒడ్డునున్న ఒక గ్రామములో ఒక అవ్వ పుట వ్రాయునప్పుడు ఆమె పుట్టిన తేదీ ఎవరికిని తెలియలేదు. పెద్ద వరద వచ్చిన యేడు అమ్మ నన్ను చంకనెత్తుకొని గుట్ట ఎక్కినది, అంతే తెలుసు అని ఆమె చెప్పినది. మనుమడు వ్రేళ్ళ మీద లెక్కలు కట్టి అది 1953 వరద అయియుండునని తేల్చినాడు. అవ్వ ఆ అంకెను ఒప్పుకొనలేదు, కాదనలేదు. చివరకు ఆమె పేరు ప్రక్కన తేదీ ఉండవలసిన చోట నీలిమందుతో నీటి అలను, దాని పైన చిన్న గుట్టను గీసి, గుట్ట మీద గోరంత బంగారము పెట్టితిమి. చదువురాని ఆ అవ్వ పుట మీద వ్రేలు త్రిప్పి తన వరుసను తానే చూపగలదు.